నిన్నటి మహారథులు

పాఠ్యభాగ పరిచయం

ఆధునిక మానవ జీవితంతో విడదీయరాని అనుబంధం పెంచుకొన్న యంత్రం కంప్యూటర్. దానికి మెదడు వంటిది ప్రాసెసర్. ఒకప్పుడు అపురూపమని పేరుపొందిన ప్రాసెసర్ల శక్తి నేడు చౌక ల్యాప్‌టాప్‌లలో సైతం లభించడానికి కారణాలేమిటో, పాత యంత్రాలను తలచుకొని పలువురు ఎందుకు మురిసిపోతారో, ఈ మార్పు నుండి మనం గ్రహించవలసినది ఏమిటో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

“ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి” అని మన పెద్దలు అంటారు. సిరిసంపదలు ఒకచోట స్థిరంగా నిలవవని చెప్పడానికి ఈ నానుడిని వాడుతారు. రాజ్యాల విషయంలో దీని సత్యాన్ని తెలుసుకోవాలంటే శతాబ్దాల చరిత్రను తిరగవేయాలి. కంప్యూటర్ల విషయంలో మాత్రం పది పదిహేను సంవత్సరాల చరిత్ర చాలు. నిన్న సింహాసనం మీద కూర్చున్న ప్రాసెసర్ నేడు పాత సామాన్ల దుకాణంలో కనిపిస్తుంది. నిన్నటి దాని బలం నేడు సామాన్య విద్యార్థి చేతిసంచిలో ఒదిగిపోతుంది.

ఇందుకు ఒక ఉదాహరణ చూద్దాం. 2011 జనవరిలో ఇంటెల్ సంస్థ కోర్ ఐ7-2600 అనే ప్రాసెసర్‌ను విడుదల చేసింది. అందులో నాలుగు కోర్లు, సుమారు 100 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. దాని సాధారణ వేగం 3.4 గిగాహెర్ట్జ్. విడుదలనాడు ఆ ఒక్క ప్రాసెసర్ ధరే దాదాపు 300 డాలర్లు. చలనచిత్రాల కూర్పు చేసేవారు, త్రిమితీయ చిత్రాలు రూపొందించేవారు, కంప్యూటర్ ఆటల ప్రియులు దానిని కోరి కొనుక్కొన్నారు. సామాన్యులు పత్రికలలో దాని వివరాలు చదువుకొని ఊరుకొన్నారు.

పన్నెండేళ్ళ తరువాత, అంటే 2023 జనవరిలో, అదే సంస్థ ఎన్100 అనే చిన్న ప్రాసెసర్‌ను ప్రకటించింది. అది గొప్పల కోసం పుట్టినది కాదు, చౌక ల్యాప్‌టాప్‌ల కోసం, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ల కోసం పుట్టినది. దీనిలోనూ నాలుగు కోర్లే ఉన్నాయి. పెద్ద ప్రాసెసర్లలో ప్రధాన కోర్లకు చేదోడుగా ఉంటూ చిల్లర పనులు చక్కబెట్టడానికి ఉద్దేశించిన చిన్న కోర్లే ఇవి. అయినప్పటికీ ప్రాసెసర్ల సామర్థ్యాన్ని కొలిచే సాధారణ పరీక్షలలో ఇది ఐ7-2600తో ఇంచుమించు సమానంగా నిలుస్తున్నది. ఐ7-2600ను 95 వాట్ల విద్యుత్తు కోసం రూపొందించగా, ఎన్100కు తయారీదారు నిర్దేశించినది కేవలం 6 వాట్లు. పని ఒత్తిడి పెరిగినప్పుడు ఇది కొంత ఎక్కువ విద్యుత్తును తీసుకోవచ్చు. అయినా రెండింటి మధ్య అంతరం అపారమైనదే. 2023, 2024 సంవత్సరాలలో ఎన్100 అమర్చిన చిన్న కంప్యూటర్లు మొత్తంగా 200 డాలర్ల లోపు ధరకే లభించాయి. ఒకనాటి మహారథుడితో నేటి పదాతి సమానుడైనాడన్నమాట.

ఈ అద్భుతం ఎలా సాధ్యమైంది? ఇది తెలియాలంటే ముందుగా ప్రాసెసర్ స్వరూపాన్ని గ్రహించాలి. ప్రాసెసర్ అంటే కోట్లాది మీటల సముదాయం. ఆ మీటలనే ట్రాన్సిస్టర్లు అంటారు. ఒక్కొక్క ట్రాన్సిస్టర్ విద్యుత్తును పోనివ్వడం, ఆపివేయడం అనే రెండు పనులు మాత్రమే చేస్తుంది. పోనిస్తే ఒకటి, ఆపితే సున్న. కూడికలు, పోలికలు, అక్షరాలు, చిత్రాలు, సంగీతం అన్నీ ఈ ఒకట్లు, సున్నల కలయికతోనే రూపొందుతాయి. కనుక ఒకే వైశాల్యంలో ఎన్ని ఎక్కువ మీటలను అమర్చగలిగితే అంత క్లిష్టమైన పనిని చేయించవచ్చు.

1971లో వెలువడిన ఇంటెల్ 4004 ప్రాసెసర్‌లో దాదాపు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. జపానుకు చెందిన బిజికామ్ అనే సంస్థ లెక్కల యంత్రాల కోసం దీనిని తయారుచేయించింది. 1993 నాటి పెంటియంలో ట్రాన్సిస్టర్ల సంఖ్య 31 లక్షలకు చేరింది. 2000లో వచ్చిన పెంటియం 4లో అది 4 కోట్ల 20 లక్షలయింది. 2020లో యాపిల్ సంస్థ విడుదల చేసిన ఎం1లో 1,600 కోట్లకు పెరిగింది. ఈ పెరుగుదలను చాలా ముందుగా ఊహించినవాడు గోర్డన్ మూర్. ఒక చిప్‌పై అమర్చే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతున్నదని 1965లో ఆయన గమనించాడు. 1975లో దానిని రెండేళ్ళకు ఒకసారిగా సవరించాడు. దీనినే లోకం “మూర్ నియమం” అని పిలుస్తున్నది. నిజానికి ఇది ప్రకృతి నియమం కాదు. వేలాది ఇంజనీర్లు పట్టుదలతో నిలబెట్టుకొంటూ వచ్చిన లక్ష్యం.

మీటల సంఖ్య పెరిగితే విద్యుత్తు వినియోగం కూడా పెరగాలి కదా అన్న సందేహం కలుగవచ్చు. ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం 1974లో దీనికి సమాధానం చెప్పింది. ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గిన కొద్దీ దానికి అవసరమైన వోల్టేజీ, విద్యుత్ ప్రవాహం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. అందువల్ల అదే వైశాల్యంలో ఎక్కువ మీటలు పెట్టినా వేడి పెరగదు. పైగా చిన్న మీటలు మరింత వేగంగా పనిచేస్తాయి. దాదాపు మూడు దశాబ్దాలపాటు కంప్యూటర్ పరిశ్రమకు ఈ సూత్రం కల్పవృక్షంలా ఉపకరించింది.

ప్రాసెసర్ శక్తిని పెంచే మార్గాలను వరినాట్లతో పోల్చి చెప్పుకోవచ్చు. మడి త్వరగా నిండాలంటే మూడు ఉపాయాలున్నాయి. పాట లయను పెంచి చేతులు చకచకా ఆడేటట్లు చేయడం మొదటిది. ఒక్కొక్క లయకు ఒక కుదురుకు బదులు రెండు కుదుళ్ళు నాటే నేర్పు సంపాదించడం రెండవది. మడిలోకి మరికొందరు కూలీలను దించడం మూడవది. ప్రాసెసర్‌లో లయ వంటిది గడియార వేగం. దీనినే గిగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు. లయకు ఎన్ని కుదుళ్ళు నాటుతున్నారన్నది ఒక్కొక్క గడియార స్పందనకు జరిగే పనిని సూచిస్తుంది. కూలీల సంఖ్యను కోర్ల సంఖ్యగా భావించవచ్చు.

2000 సంవత్సరానికి అటూ ఇటూ పరిశ్రమ దృష్టి అంతా మొదటి ఉపాయం మీదనే ఉండేది. 2000 మార్చిలో ఏఎండీ సంస్థ ఏథ్లాన్ ప్రాసెసర్‌తో ఒక గిగాహెర్ట్జ్ మైలురాయిని ముందుగా దాటింది. రెండు రోజుల తేడాతో ఇంటెల్ పెంటియం 3 కూడా ఆ మైలురాయిని చేరుకొంది. అదే సంవత్సరం నవంబరులో పెంటియం 4 వచ్చింది. అది వేగాన్ని పెంచడం కోసమే పనిని అనేక చిన్న చిన్న దశలుగా విభజించుకొన్నది. దశలు పెరగడం వల్ల లయ పెరిగింది కాని, ఒక్కొక్క లయకు జరిగే పని తగ్గింది. ప్రాసెసర్ ముందుచూపుతో చేసిన ఊహ తప్పినప్పుడల్లా మధ్యలో ఉన్న పనినంతా వదలి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చేది. అందుచేతనే కొన్ని పనులలో ఒక గిగాహెర్ట్జ్ పెంటియం 3 ముందు తొలినాటి పెంటియం 4 వెలవెలబోయింది.

అంతేకాక ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవి కావడంతో వాటిలోని నిరోధక పొరలు బాగా పలుచబడ్డాయి. మీట మూసి ఉన్నప్పుడు కూడా విద్యుత్తు కారిపోసాగింది. డెన్నార్డ్ సూత్రం ఇచ్చిన వరం అక్కడితో తీరిపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెస్తామన్న ఇంటెల్ సంస్థ 2004 అక్టోబరులో ఆ ప్రయత్నాన్ని విరమించుకొన్నది. 115 వాట్ల వేడిని వెలువరించే 3.8 గిగాహెర్ట్జ్ నమూనాతో ఆ పరుగు నిలిచిపోయింది.

ఆ తరువాత పరిశ్రమ రెండవ, మూడవ ఉపాయాలను ఆశ్రయించింది. 2005లో రెండు కోర్ల ప్రాసెసర్లు సామాన్య విపణిలోకి వచ్చాయి. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో తక్కువ లయతోనే ఎక్కువ పని చేసి చూపింది. 2007 జనవరిలో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 నాలుగు కోర్లను ఇంటి కంప్యూటర్‌లోకి తెచ్చింది. మొదట దాని ధర 851 డాలర్లు. ఆ ఏడాది జులై నాటికే అది 266 డాలర్లకు దిగింది. వైభవం ఎంత వేగంగా కరిగిపోతుందో ఈ ఒక్క ధరల పతనమే చెబుతుంది. 2011 నాటి ఐ7-2600 గడియార వేగం పాత పెంటియం 4 కన్న తక్కువే. కాని శక్తిలో రెంటికీ పోలికే లేదు. ఎన్100 విజయ రహస్యం కూడా ఇదే. అది గొప్ప వేగంతో పరుగెత్తదు. తక్కువ విద్యుత్తుతో ఒక్కొక్క లయకు ఎక్కువ పని చేస్తుంది.

ఇంతవరకు చెప్పినది యంత్రం కథ. ఇక మనుషుల మనసు సంగతి చూద్దాం. కొత్తది అంత చౌకగా, అంత శక్తిమంతంగా లభిస్తూ ఉండగా పాత ప్రాసెసర్లను తలచుకొని మురిసిపోవడం ఎందుకు? మన తెలుగునాట ముప్పై, నలభై ఏళ్ళు దాటినవారిని అడిగితే “పెంటియం” అన్న మాట వినగానే వారి ముఖాలు వికసిస్తాయి. ఆ ప్రాసెసర్ రూపకల్పనకు నాయకత్వం వహించిన వినోద్ ధామ్ పూణేలో జన్మించిన భారతీయుడు కావడం మనవారికి మరింత గర్వకారణమయింది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, దుకాణం దుకాణం తిరిగి, ధరలు బేరమాడి, ఒక్కొక్క భాగాన్ని కొని కంప్యూటర్‌ను కూర్పించుకొన్న తరం అది. ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే దాని చుట్టూ వీధిలోని పిల్లలందరూ చేరేవారు. కొడుకు చదువుకు ఉపయోగపడుతుందని తండ్రి అప్పుచేసి కొన్న యంత్రాలూ ఉన్నాయి. ఆ యంత్రపు శక్తి వెనుక ఒక కుటుంబం ఆశ, ఎదురుచూపు, పొదుపు ఉండేవి.

నైపుణ్యం పట్ల మమకారం మరొక కారణం. 1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఎ అనే చౌక ప్రాసెసర్‌ను అమ్మింది. దాని నిర్ణీత వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు నుండి దానికి అందే మూల స్పందన వేగాన్ని 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే అది 450 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసేది. ఆనాడు అగ్రస్థానంలో ఉన్న పెంటియం 2కు అది చాలా పనులలో సమఉజ్జీగా నిలిచింది. ఆ రహస్యాన్ని తెలుసుకొని విజయం సాధించిన యువకుల ఆనందానికి అవధుల్లేవు. నేటి చౌక ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకు అతికి ఉంటుంది. దానిని తీయడానికీ, మార్చడానికీ వీలుండదు. శక్తి పెరిగింది కాని, ఆ శక్తిపై వినియోగదారునికి ఉండిన చొరవ తగ్గింది. పాతకాలాన్ని తలచుకొనేవారు బెంగపడేది ముఖ్యంగా ఈ చొరవ కోసమే.

పేర్ల భాగ్యం కూడా ఇటువంటిదే. అత్యున్నత స్థానానికి గుర్తుగా వెలిగిన పెంటియం పేరు 2007 తరువాత క్రమంగా చౌక ప్రాసెసర్లకు చేరింది. చివరకు 2023లో ల్యాప్‌టాప్‌ల విషయంలో పెంటియం, సెలెరాన్ పేర్లు రెండింటికీ ఇంటెల్ సంస్థ స్వస్తి చెప్పింది. వాటి స్థానంలో వచ్చిన వరుసలోనిదే ఎన్100.

అయితే పాత యంత్రాన్ని నేటి కొలబద్దతో కొలిచి చిన్నచూపు చూడడం న్యాయం కాదు. మన దేశ చరిత్రలోనే దీనికి చక్కని నిదర్శనం ఉంది. 1980 దశకంలో శక్తిమంతమైన సూపర్ కంప్యూటర్లను మన దేశానికి అమ్మడానికి అమెరికా అనేక ఆంక్షలు విధించింది. అప్పుడు 1988లో సీడాక్ సంస్థను స్థాపించారు. విజయ్ భట్కర్ నాయకత్వంలో శాస్త్రజ్ఞులు 1991లో పరమ్ 8000 సూపర్ కంప్యూటర్‌ను నిర్మించారు. దాని గరిష్ఠ సామర్థ్యం సెకనుకు సుమారు 100 కోట్ల గణనలు. నేటి ఎన్100 గరిష్ఠ సామర్థ్యం దానికి ఎన్నో రెట్లు. అంతమాత్రాన పరమ్ గొప్పతనం తగ్గిపోతుందా? తగ్గదు. ఇతరులు నిరాకరించినదానిని మనం నిర్మించుకోగలమని అది నిరూపించింది. అది దేశానికి ఇచ్చిన ఆత్మవిశ్వాసం నేటి ఏ దుకాణంలోనూ దొరకదు.

మరొక ముఖ్యమైన ప్రశ్న మిగిలి ఉంది. ప్రాసెసర్ల శక్తి ఇన్ని రెట్లు పెరిగినా, కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నదన్న ఫిర్యాదు ఎందుకు పోలేదు? పాస్కల్ భాషను సృష్టించిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు నిక్లౌస్ విర్త్ 1995లోనే దీనిని చర్చించాడు. యంత్రాల వేగం కన్న సాఫ్ట్‌వేర్ బరువు మరింత త్వరగా పెరుగుతున్నదని ఆయన హెచ్చరించాడు. 1995 నాటి విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల జ్ఞాపకశక్తి చాలు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు కావలసివచ్చింది. 2021 నాటి విండోస్ 11కు 4 గిగాబైట్లు అవసరమైనాయి. అంటే ఇరవై ఆరేళ్ళలో అవసరం వేయి రెట్లకు పైగా పెరిగింది. రాబడికి మించి ఖర్చు పెరిగిన సంసారంలా ఉన్నది ఈ వ్యవహారం. కొత్త సాఫ్ట్‌వేర్‌లో భద్రత, స్పష్టమైన చిత్రాలు, తెలుగు వంటి భాషలలో రాసే సౌకర్యం పెరిగిన మాట వాస్తవమే. కాని యంత్రం శక్తి ఎలాగూ పెరుగుతుంది కదా అనే నిర్లక్ష్యంతో రాసిన ప్రోగ్రాములూ తక్కువేమీ కాదు.

ఇక్కడే ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. విండోస్ 11 నిబంధనల ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలంగా ఎనిమిదవ తరం, ఆ తరువాతవి మాత్రమే అర్హమైనవి. ఐ7-2600 రెండవ తరానికి చెందినది. కనుక దానికి అర్హత లేదు. దానితో సమానశక్తి గల ఎన్100కు అర్హత ఉన్నది. కొత్త ప్రాసెసర్లలో ఉన్న భద్రతా ఏర్పాట్లు పాతవాటిలో లేవని మైక్రోసాఫ్ట్ సంస్థ కారణం చెప్పింది. ఆ కారణంలో కొంత నిజం ఉన్నది. అయితే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిపోవడం వల్ల చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో ప్రమాదంలో పడ్డాయి. బలం చాలక కాదు, గడువు తీరి అవి పక్కకు తొలగవలసి వస్తున్నది.

ఇలా తొలగించినవి ఎక్కడికి పోతాయి? ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి పునర్వినియోగానికి మళ్ళించినవి 22.3 శాతం మాత్రమే. మిగిలినవాటిలో చాలా భాగం చెత్తకుప్పలకో, రక్షణ లేకుండా తీగలు కాల్చి రాగి తీసే చిన్న చిన్న స్థలాలకో చేరుతున్నది. ఆ పొగలో సీసం వంటి విషపదార్థాలు ఉంటాయి. వాటి దుష్ఫలితం ముందుగా సోకేది అక్కడ పనిచేసే పేదలకు, వారి పిల్లలకు.

కాబట్టి పాత యంత్రాల విషయంలో వివేకం అవసరం. పాతదంతా దాచుకోవాలనడం మూర్ఖత్వం. పారవేయాలనడం దుబారా. 100 వాట్ల విద్యుత్తు తీసుకొనే కంప్యూటర్‌ను రోజుకు పది గంటలు వాడితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 15 వాట్ల ల్యాప్‌టాప్ అదే పనిని యూనిట్‌లో ఆరోవంతుకు లోపలే ముగిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఆధారపడే పల్లెలలో ఈ తేడా చాలా పెద్దది. కనుక పెంటియం 4 వంటివాటికి విశ్రాంతి ఇవ్వడమే మేలు. ఐ7-2600 వంటి వాటి సంగతి వేరు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అమర్చి, జ్ఞాపకశక్తిని కొంత పెంచి, ఉచితంగా లభించే లినక్స్‌ను నెలకొల్పితే అటువంటి కంప్యూటర్ పాఠశాల గ్రంథాలయంలో మరికొన్నేళ్ళు సేవచేయగలదు. ఏ విధంగానూ పనికిరానిదానిని అనుమతి పొందిన రీసైక్లింగ్ కేంద్రానికి మాత్రమే అప్పగించాలి.

గతాన్ని స్మరించడం దోషం కాదు. మనం ఎంత దూరం వచ్చామో తెలుసుకోవడానికి అది ఉపకరిస్తుంది. అయితే ఆ స్మరణ మనలను వెనక్కి లాగకూడదు. పాత తరం తక్కువ శక్తి గల యంత్రాలతోనే ప్రోగ్రాములు రాయడం నేర్చుకొన్నది, ఉద్యోగాలు సంపాదించుకొన్నది, వాతావరణ సూచనలను లెక్కకట్టింది. వారు కలలుగన్న శక్తి నేడు పేద విద్యార్థికి సైతం అందుబాటులోకి వచ్చింది. దానిని కేవలం కాలక్షేపానికి వెచ్చిస్తామా, ఒక కొత్త విద్యను సాధించడానికి వినియోగిస్తామా అన్నది మన చేతిలోనే ఉన్నది. ప్రాసెసర్ ఎంత వేగమైనదైనా, అది ఏ పని చేయాలో నిర్ణయించేది మనిషే.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ప్రాసెసర్ శక్తిని పెంచే మూడు మార్గాలను వరినాట్ల పోలికతో వివరించండి.
2. పాత ప్రాసెసర్ల పట్ల పలువురికి గల మమకారానికి కారణాలను పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పెంటియం 4 వేగపు పరుగు ఎందుకు ఆగిపోయింది?
2. పరమ్ 8000 గొప్పతనం నేటికీ తగ్గదని రచయిత ఎందుకు భావించారు?
3. సాఫ్ట్‌వేర్ విషయంలో నిక్లౌస్ విర్త్ చేసిన హెచ్చరిక ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఇంటెల్ 4004 ఏ సంవత్సరంలో వెలువడింది?
2. పెంటియం రూపకల్పనకు నాయకత్వం వహించిన భారతీయుడెవరు?
3. 2022లో పోగయిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలలో ఎంత శాతాన్ని పద్ధతి ప్రకారం సేకరించి పునర్వినియోగానికి మళ్ళించారు?